యాదిచేసే వస్తువులు

అన్నం ఉడికిన సంగతి రైస్ కుక్కర్‌కు ఎట్లా తెలుస్తుంది? లోపలి గిన్నె తీసి పక్కన పెట్టి చూడండి. అడుగున నడిమధ్య, వేలితో నొక్కితే కిందికి దిగే గుండ్రటి బిళ్ల ఒకటి కనబడుతుంది. ఆ బిళ్లలో ఫెర్రైట్ ముక్క, దాని కింద అయస్కాంతం, రెంటినీ విడదీయాలని గుంజుతూ ఉండే స్ప్రింగు ఉంటాయి. మీట నొక్కగానే అయస్కాంతం వెళ్లి ఫెర్రైట్‌ను పట్టుకుంటుంది, కరెంటు పారుతుంది, గిన్నె వేడెక్కుతుంది. గిన్నెలో నీళ్లున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే నిలిచిపోతుంది. ఆ పైన అందే వేడంతా నీళ్లను ఆవిరి చేయడానికే సరిపోతుంది. బియ్యం పీల్చుకున్నంత పీల్చుకుని, మిగిలిన నీళ్లు ఆవిరైపోయాక గిన్నె అడుగు ఇంకా వేడెక్కడం మొదలవుతుంది. 103 డిగ్రీల ప్రాంతానికి రాగానే ఫెర్రైట్ తన అయస్కాంత గుణాన్ని పోగొట్టుకుంటుంది. వేడికి అయస్కాంతత్వం ఎట్లా మారుతుందో, ఏ ఉష్ణోగ్రత దగ్గర తగ్గిపోతుందో 1895లో పియరీ క్యూరీ శ్రద్ధగా కొలిచాడు. అందుకే ఆ హద్దుకు ఆయన పేరే పెట్టారు. పట్టు సడలగానే స్ప్రింగుదే పైచేయి అవుతుంది, మీట టక్కుమంటుంది, వంట ఆగిపోతుంది. ఇందులో చిప్పు లేదు, ప్రోగ్రాము లేదు.

మేధో వైకల్యం ఉన్న ఇరవై రెండేళ్ల యువకుడు కోరుట్లలో ఒక మధ్యాహ్నం తన అన్నం తాను వండుకోవాలనుకుందాం. బియ్యం కడగడం, గిన్నె ఎత్తడం అతనికి పెద్ద కష్టం కాదు. ఉడికిందా, పొంగుతున్నదా, అడుగంటుతున్నదా అని కనిపెట్టుకుని ఉండటం కష్టం. మధ్యలో ధ్యాస టీవీ మీదికి పోయినా పొయ్యిని మరవకుండా ఉండటం ఇంకా కష్టం. ఆ రెండు పనులనూ కుక్కర్ తన మీద వేసుకుంది. ఇక బియ్యం ఎంత, నీళ్లు ఎంత అన్నది మిగిలింది. ఒక స్టీలు గ్లాసు బియ్యం డబ్బాలోనే ఉంచి, ఆ గ్లాసు బియ్యానికి నీళ్లు ఎక్కడిదాకా పోయాలో గిన్నె లోపల చెరగని గీత పెడితే కొలత బాధ పోతుంది. స్విచ్‌బోర్డు మీద కుక్కర్ స్విచ్చుకు ఎర్ర స్టిక్కర్ అంటిస్తే వెతుకులాట పోతుంది. ఇంతే. ఆ ఇంట్లో ఒక మనిషి ఇప్పుడు ఎవరి సాయం లేకుండా అన్నం వండుకోగలడు.

సహాయక సాంకేతికత అనగానే మనకు ఖరీదైన యంత్రాలు, విదేశీ ప్రయోగశాలలు తలపుకొస్తాయి. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉన్నవాళ్ల జీవితంలో అది చేసే పని మాత్రం చాలా సాదాగా ఉంటుంది. గుర్తుంచుకోవడం, లెక్కపెట్టడం, సమయం అంచనా వేయడం, మాట పలకడం వంటి వాటిలో ఒకటో రెండో మనిషి మీది నుంచి తీసి వస్తువు మీద పెట్టడమే దాని పని.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో ఈ సంగతి ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే ఆ ఇళ్ల ఆర్థికం నుంచి మొదలుపెట్టాలి. జగిత్యాల, కోరుట్ల వైపు చాలా ఇళ్లలో మగమనిషి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు, ఇంటి ఆడమనిషి చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతుంది. సిరిసిల్లలో అయితే ఆయన సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, ఆమె నూలు కండెల దగ్గర. బీడీ కూలి వెయ్యికింత అని లెక్క, బట్ట కూలి మీటరుకింత అని లెక్క. చేసిన పనికే పైసలు గనుక, తల్లి చేయి ఆగినప్పుడల్లా కూలి తెగుతుంది. వైకల్యం ఉన్న కొడుకో బిడ్డో ఉన్న ఇంట్లో ఆ చేయి పొద్దంతా ఆగుతూనే ఉంటుంది. "లే కొడుకా. మొఖం కడుక్కో. నల్ల బంద్ చెయ్. అంగీ తిరగేసి తొడిగినవ్, మల్ల తొడుక్కో. గోలీ వేసుకున్నవా?" పొద్దున లేచింది మొదలు ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే లెక్క ఉండదు.

ఇన్నిసార్లు చెప్పడం వల్ల తల్లికి జరిగే నష్టం కంటికి కనబడుతుంది. కొడుక్కి జరిగే నష్టం కనబడదు. ప్రత్యేక విద్యలో పనిచేసేవాళ్లకు ఇది బాగా తెలిసిన సమస్య. పళ్లు తోముకోవాలన్న తలపు మనకు బ్రష్షు చూస్తే వస్తుంది, నోరు చప్పగా ఉంటే వస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా అమ్మ గొంతు వినబడే ఇంట్లో పెరిగిన పిల్లవాడికి ఆ తలపు అమ్మ గొంతుతోనే ముడిపడిపోతుంది. బ్రష్షు చేతిలో ఉన్నా, పేస్టు ఎదురుగా ఉన్నా, తర్వాతి మాట కోసం నిలబడి ఎదురుచూస్తాడు. "చెప్పందే చెయ్యడు" అంటారు చుట్టాలు, అదేదో అతని పుట్టుగుణం అన్నట్టు. చాలావరకు అది మనం ప్రేమతో, ఓపికతో, ఏళ్ల తరబడి నేర్పిన అలవాటు. చెప్పే గొంతు ఒకరోజు లేకుండా పోతే అతనికి వచ్చిన పనులు కూడా రానివైపోతాయి. "నేను పోయినంక వీని సంగతేంది?" అని తల్లులు అడిగే ప్రశ్నలో సగం ఇక్కడే ఉంది.

ఈ విషయంలో మనకు దగ్గరలోనే పెద్ద అనుభవం ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థకు ఇప్పటి పేరు మేధో వైకల్యం గలవారి సాధికారత జాతీయ సంస్థ. ఎన్‌ఐఈపీఐడీ అంటే ప్రత్యేక విద్య టీచర్లందరికీ తెలుసు. పిల్లలను అంచనా వేయడానికి ఆ సంస్థ తయారుచేసిన పట్టికలో ఒక్కో పని ఎదుట వచ్చు, రాదు అని రెండే గళ్లు పెట్టి ఊరుకోలేదు. తనంతట తానే చేస్తాడా, సైగ చేస్తే చేస్తాడా, నోటితో చెబితే చేస్తాడా, చేయి పట్టి చేయిస్తే చేస్తాడా అని వేరువేరుగా గుర్తించాలి. నన్నడిగితే ఏ పరికరం విలువైనా కొలవడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు. ఒక వస్తువు వచ్చాక చేయి పట్టడం నుంచి సైగకు, సైగ నుంచి తనంతట తానుకు ఎన్ని పనులు మారాయో చూడాలి. అమెరికాలోని మేధో వైకల్య సంఘం కూడా 1992లో తన నిర్వచనాన్ని మార్చుకుంది. ఐక్యూ అంకెను బట్టి తక్కువ, ఓ మోస్తరు, తీవ్రం అని మనుషులను మెట్ల మీద నిలబెట్టడం మాని, ఎవరికి ఎప్పుడు ఏ ఆసరా ఎంత కావాలన్నది చూడమంది.

ఆ ఆసరాలో అన్నిటికన్నా పాతది, చవకైనది బొమ్మల వరుస. స్నానాల గది గోడకు అంటించిన ఒక అట్టను దగ్గరగా చూద్దాం. లామినేషన్ చేసిన అట్ట, దాని మీద పై నుంచి కిందికి ఆరు ఫొటోలు. అవి ఇంటర్నెట్‌లో దొరికిన తెల్లపిల్లల బొమ్మలు కావు, ఆ ఇంటి బకెటు, ఆ ఇంటి మగ్గు, ఆ ఇంటి తువ్వాల. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు ఒకచోట నేర్చింది ఇంకోచోటికి అన్వయించుకోవడం కష్టం గనుక, బొమ్మలోని బకెటు నీలంగా, ఇంట్లోది ఎర్రగా ఉంటే అక్కడే పని ఆగిపోవచ్చు. ఒక్కో ఫొటోకు వెల్క్రో పట్టీ ఉంటుంది. అయిపోయిన మెట్టును పీకి కింది సంచిలో వేస్తాడు. మిగిలిన ఫొటోలే మిగిలిన పని. ఎక్కడిదాకా వచ్చాడో మనసులో పట్టుకుని ఉండాల్సిన అవసరం లేదు. తక్షణ జ్ఞాపకం మీద పడే బరువును అట్ట మోస్తుంది. నేర్పేటప్పుడు చివరి మెట్టు నుంచి వెనక్కి రావడం మంచి పద్ధతి. మొదట్లో అన్నీ మనమే చేయించి, తువ్వాల ఆరేయడం ఒక్కటి అతనికి వదిలేస్తాం. అది వచ్చాక తుడుచుకోవడం కూడా వదిలేస్తాం. ప్రతిరోజూ పని అతని చేతిలోనే పూర్తవుతుంది, పూర్తిచేసిన తృప్తి అతనికే దక్కుతుంది.

అట్ట చేసే పనినే ఫోన్ ఇంకా బాగా చేస్తుంది. 1980ల నుంచి పరిశోధకులు ఈ దారిలో నడుస్తూ వచ్చారు. మొదట ఫొటోల పుస్తకాలు, తర్వాత చెవిలో వినిపించే క్యాసెట్ టేపులు, ఆ తర్వాత జేబులో పట్టే తెరల మీద చిన్న వీడియోలు. వీడియో తీసేటప్పుడు కెమెరా చేసేవాడి కళ్ల ఎత్తులో, అతని వైపు నుంచే ఉంటే చూసినట్టే చేయగలుగుతాడు. ఒక్కో మెట్టుకు ఒక్కో ముక్క, పదిహేను ఇరవై సెకన్లు. తర్వాతి ముక్క ఎప్పుడు నొక్కాలో అతని ఇష్టం. అమ్మ నోటిమాటకూ దీనికీ ఉన్న తేడా అదే. ఇది అతను అడిగినప్పుడే చెబుతుంది, అడగకపోతే ఊరుకుంటుంది, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. దీన్ని ఎప్పటికైనా మాన్పించాలా అని తల్లిదండ్రులు అడుగుతారు. అవసరం లేదు. ఫోన్‌లో అలారం పెట్టుకోనివాళ్లు, సామాను చీటీ రాసుకోనివాళ్లు మనలో ఎంతమంది?

కాలం సంగతి వేరుగా చెప్పాలి. "ఇంకో అరగంటల బస్సు వస్తది" అన్న మాట చాలామందికి అర్థం లేని చప్పుడే. అమెరికాలో జాన్ రోజర్స్ అనే తల్లి "ఇంకెంతసేపు?" అని అడిగే చిన్న కూతురి కోసం 1990లలో ఒక గడియారం తయారుచేసింది. మిగిలిన సమయమంత మేర ఎర్ర పళ్లెం కనబడుతుంది, నిమిషాలు గడిచేకొద్దీ ఎరుపు సన్నబడి మాయమవుతుంది. కాలాన్ని అంకెగా చదవలేని మనిషి వైశాల్యంగా చూడగలడు. ఇంట్లో గోడ గడియారం అద్దం మీద రంగు కాగితం అంటించి, పెద్ద ముల్లు ఆ రంగు దాటితే బయల్దేరాలి అని నేర్పినా సూత్రం అదే.

పని దగ్గరికి వద్దాం. బీడీలు చుట్టే ఇంట్లో తునికాకు కత్తిరించడానికి ఒక రేకు ముక్క ఉంటుంది. దాన్ని ఆకు మీద పెట్టి అంచు వెంట కత్తెర పోనిస్తే అన్ని ఆకులూ ఒకే కొలతకు వస్తాయి. కొలిచే తెలివి రేకులో ఉంది, చేతికి కొలవాల్సిన పని లేదు. పొగాకు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే ఆ పనిని నేను ఎవరికీ సిఫారసు చేయను. కానీ ఆ రేకు ముక్క వెనకున్న ఆలోచనే వైకల్యం ఉన్నవాళ్ల ఉపాధిలో అతి పెద్ద మలుపు తెచ్చింది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మార్క్ గోల్డ్ 1972లో ఒక ప్రయోగం ప్రచురించాడు. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన మేధో వైకల్యం ఉందని, ఏమీ నేర్చుకోలేరని పక్కన పెట్టినవాళ్లకు 15 ముక్కల సైకిల్ బ్రేకు బిగించడం నేర్పాడు. ఆయన చేసిన ముఖ్యమైన మార్పు ఒక్కటే. ప్రతి ముక్కనూ సరిగ్గా పెట్టినప్పుడు కూర్చున్నవాడి వైపు కనబడే ముఖానికి ఎర్ర రంగు వేశాడు. ఎరుపు కనబడితే సరిగ్గా పెట్టినట్టు, కనబడకపోతే తిప్పిపెట్టాలి. రంగు ఉన్న ముక్కలతో నేర్చుకున్నవాళ్లు రంగు లేని ముక్కలతో నేర్చుకున్నవాళ్ల కన్నా చాలా తొందరగా నేర్చుకున్నారు. వీళ్లకు రాదు అన్న తీర్పుకు ముందు మనం నేర్పిన తీరు సరైనదేనా అని అడగాలని ఆయన జీవితమంతా వాదించాడు.

సిరిసిల్లలో ఈ ఆలోచన అమలు చేయడానికి విదేశీ నిపుణులు రానక్కరలేదు. సాంచెలు విప్పి బిగించే మెకానిక్కులు, వెల్డింగ్ షాపులు వీధి వీధికీ ఉన్నాయి. నిండిన కండెలు లెక్కపెట్టడం రాని మనిషికి యాభై బొక్కలున్న పలక ఒకటి చేసిస్తే, బొక్కలన్నీ నిండితే యాభై అయినట్టే. మడత పెట్టిన చీరల అంచులు కలిశాయో లేదో చూడటానికి బల్ల మీద రెండు పట్టీలు బిగిస్తే చాలు. యంత్రాల బెల్టుల దగ్గరికి పోకుండా పలక ఎక్కడుంచాలి, ఏ పక్క కూర్చోబెట్టాలి అన్నవి సాంచెలు నడిపించే ఆసామికీ కార్మికులకూ బాగా తెలుసు. ఒక్క సంగతి మాత్రం వాళ్లు తలచకపోవచ్చు. మరమగ్గాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది. ఆటిజం ఉన్న చాలామందికి మామూలు చప్పుడే భరించరానంత పెద్దగా తోస్తుంది. అట్లాంటి మనిషి చెవులు మూసుకుని అరిస్తే పని చేతకాదని ఇంటికి పంపేస్తారు. చెవుల మీద కప్పుకునే మఫ్లు ఇచ్చి, పని షెడ్డు బయట మడతల గదికి మార్చి చూశాక ఆ మాట అనాలి. నిజానికి ఆ మఫ్లు సాంచెల మీద పనిచేసే ప్రతి కార్మికుడికీ అవసరమే.

అన్నిటికన్నా ఎక్కువ అపోహలున్నది మాట విషయంలో. మాట రాని పిల్లలకు బొమ్మల బోర్డు ఇద్దామంటే "అది అలవాటైతే ఇగ మాటలు రావు" అని ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటారు. కొందరు డాక్టర్లు కూడా అంటారు. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ వడపోసి చూశారు. గట్టి ఆధారం ఉన్న 27 మందిలో ఏ ఒక్కరికీ మాట తగ్గలేదు. 89 శాతం మందికి మాట కొంతైనా పెరిగింది, మిగిలినవాళ్లు ఉన్నచోటే ఉన్నారు. కారణం ఊహించడం కష్టం కాదు. చెప్పదలచుకున్నది చెప్పగలిగిన పిల్లవాడికి కోపం, ఏడుపు తగ్గుతాయి, ఎదుటివాళ్లు జవాబిస్తారు, ఆ జవాబులో మాట మళ్లీ మళ్లీ వినబడుతుంది.

ఈ దారికి అర్ధశతాబ్దం దాటిన చరిత్ర ఉంది. అన్ని భాషలవాళ్లూ చదవగలిగే గుర్తుల లిపి కావాలని చార్లెస్ బ్లిస్ ఒకటి తయారుచేస్తే, దాన్ని 1971లో టొరంటోలో షర్లీ మెక్‌నాటన్ అనే టీచర్ సెరిబ్రల్ పాల్సీ పిల్లల చేతికి ఇచ్చింది. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ ఆటిజం పిల్లల కోసం బొమ్మ ఇచ్చి వస్తువు తీసుకునే పద్ధతి మొదలుపెట్టారు. మన దేశంలో చెన్నై నుంచి అజిత్ నారాయణన్ బృందం ఆవాజ్‌ను తెచ్చింది, ఐఐటీ బొంబాయి డిజైన్ విభాగం నుంచి జెల్లో వచ్చింది. రెండింటిలోనూ తెర మీద బొమ్మ తాకితే ఫోనో ట్యాబో ఆ మాట పలుకుతుంది.

పలికే గొంతు రెండు రకాలు. ఒకటి, ఎవరో ముందే మాట్లాడి దాచిన రికార్డింగు. రెండోది, రాసిన అక్షరాల నుంచి యంత్రం అప్పటికప్పుడు పుట్టించే ధ్వని. తెలుగులో రాసిన దానికీ పలికేదానికీ తేడా తక్కువ గనుక అక్షరం నుంచి ధ్వనికి వెళ్లే దారి ఇంగ్లీషులో కన్నా సులువు. అయినా ఆ గొంతు మాట్లాడేది వార్తల తెలుగు. "నేను బయటకు వెళ్తాను" అని కోరుట్ల గల్లీలో యంత్రం పలికితే ఈడు పిల్లలు నవ్వుతారు. "నేను బయటికి పోత" అని అదే వయసున్న మేనబావతో పలికించి రికార్డు చేసి ఆ బొమ్మకు తగిలిస్తే, ఆ గొంతు ఆ పిల్లవాడిది అవుతుంది. ఆడపిల్లకు ఆడపిల్ల గొంతే పెట్టాలి, పదిహేనేళ్ల పిల్లకు నలభై ఏళ్ల టీచర్ గొంతు పెట్టకూడదు. ఊళ్లో ఎవరైనా పది నిమిషాల్లో చేయగల పని ఇది.

బోర్డు మీద ఏ మాటలుండాలి అన్నది మరింత లోతైన ప్రశ్న. ఎక్కువ బోర్డుల మీద నీళ్లు, అన్నం, బాత్రూం, నిద్ర ఉంటాయి. అంటే ఆ మనిషి అడుక్కోవడానికి మాత్రమే నోరిచ్చాం. వద్దు, ఆపు, నాకు నచ్చలేదు, మళ్లీ, నేనే చేస్త, నొప్పి, నన్ను ముట్టకు, వాడు కొట్టిండు. ఇవి లేని బోర్డు నా దృష్టిలో సగం బోర్డు. వైకల్యం ఉన్న ఆడపిల్లల మీద, మగపిల్లల మీద జరిగే అఘాయిత్యాలు బయటపడకపోవడానికి చెప్పే మాట లేకపోవడం ఒక పెద్ద కారణం. శరీర భాగాల బొమ్మలు, వద్దు అనే గుర్తు వాళ్ల చేతికి అందేచోట ఎప్పుడూ ఉండాలి.

చేతులు వశంలో లేని సెరిబ్రల్ పాల్సీ మనిషికి ఒక్క మీట చాలు. తెర మీద వెలుగు ఒక్కో బొమ్మ మీదుగా జరుగుతూ పోతుంది, కావలసిన దాని మీదికి రాగానే మీట తాకుతాడు. మీట చేతి దగ్గరే ఉండాలని లేదు. తల పక్కకు తిప్పగలిగితే చెంప దగ్గర, మోకాలు కదిలితే మోకాలి దగ్గర. అతని ఒంట్లో చెప్పిన మాట వినే కదలిక ఏదో వెతికి పట్టుకోవడమే థెరపిస్టు నైపుణ్యం. ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. మాట రాని మనిషి చేయి పట్టుకుని కీబోర్డు మీద అక్షరాలు కొట్టించే పద్ధతి ఒకటి ఆస్ట్రేలియాలో పుట్టి ప్రపంచమంతా తిరిగింది. 1990లలో జాగ్రత్తగా పరీక్షించి చూస్తే, వచ్చిన మాటలు చేయి పట్టుకున్నవాళ్లవే అని తేలింది. అమెరికా వాక్చికిత్సకుల సంఘం 2018లో మరోసారి ఆ పద్ధతి వద్దని చెప్పింది. ఎవరి ఊతమూ లేకుండా వచ్చిన ఒక్క "వద్దు"కు ఉన్న విలువ, ఇంకొకరి చేయి కలిసిన పేజీల వ్యాసానికి లేదు.

డబ్బు దగ్గర ఒక మంచి మార్పు తనంతట తానే వచ్చింది. కిరాణం కొట్టు గల్లాపెట్టె మీద డబ్బులు పడగానే తెలుగులో ఎంత వచ్చిందో పలికే పెట్టె ఉంది కదా. నోట్లు లెక్కపెట్టలేని కొడుకును కొట్లో కూర్చోబెట్టడానికి భయపడిన తండ్రికి అది కొండంత ధైర్యం. ఇటు కొనేవైపు కూడా దారి పడింది. 2024 ఆగస్టులో వచ్చిన యూపీఐ సర్కిల్‌తో ఒకరి ఖాతా నుంచి ఇంకొకరు తమ ఫోన్‌తో చెల్లించవచ్చు. నెలకు గరిష్ఠంగా 15,000 రూపాయల లోపు హద్దు పెట్టుకోవచ్చు, లేదా ప్రతి చెల్లింపునూ తల్లి తన ఫోన్‌లో ఒప్పుకుంటేనే జరిగేలా చేయవచ్చు. నెలకు ఐదు వందలు అని హద్దు పెట్టి బిడ్డ చేతికి ఫోనిస్తే, తనకు నచ్చిన గాజులు తానే కొనుక్కుంటుంది. మోసపోతే పోయేది ఐదు వందలే. దుబాయి నుంచి తండ్రి తెచ్చిన ఐఫోన్ ఇంట్లో ఉంటే, 2023లో ఐఓఎస్ 17తో వచ్చిన అసిస్టివ్ యాక్సెస్ అనే అమరిక దాన్ని నాలుగైదు పెద్ద బొమ్మలకు కుదిస్తుంది. మామూలు ఆండ్రాయిడ్‌లో కూడా అమ్మ, నాన్న, మామ ఫొటోలు మొదటి తెర మీద పెట్టి, తాకితే ఫోన్ కలిసేలా చేయవచ్చు.

మేధో వైకల్యం ఉన్న ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి మూర్ఛ కూడా ఉంటుంది. వాళ్లకు ఒక పూట గోలీ తప్పినా ప్రమాదమే. వారం గళ్లున్న మందుల డబ్బా, దానికి తోడు రోజూ ఒకే వేళకు మోగే అలారం, ఈ రెండూ కలిస్తే దవాఖాన దారి చాలావరకు తప్పుతుంది.

చెప్పకుండా ఎటో వెళ్లిపోయే పిల్లల కోసం జీపీఎస్ గడియారాలు కొనేవాళ్లు పెరిగారు. వేములవాడ, కొండగట్టు జాతరల రద్దీలో తప్పిపోయిన బిడ్డ కోసం వెతికిన తల్లికి దాని విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. నేను అడిగేది ఒక్కటే, అది తెచ్చాక గడప దాటనిచ్చారా? రాబర్ట్ పెర్స్కే అనే అమెరికా రచయిత 1972లోనే రాశాడు, కొంత ప్రమాదాన్ని ఎదుర్కొనే హక్కు కూడా మనిషి గౌరవంలో భాగమేనని. గడియారం చేతికి ఉన్నది గనుక ఈరోజు మూల మీది కొట్టుదాకా ఒక్కడే పోయి రావచ్చు అంటే అది స్వేచ్ఛకు పనికొచ్చింది. ఎప్పుడూ ఇంట్లోనే ఉన్నాడని నిర్ధారించుకోవడానికే వాడితే అది గొలుసు.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? అట్టలు, స్టిక్కర్లు, మందుల డబ్బా, మొదట చెప్పిన కుక్కర్ బజార్లోనే దొరుకుతాయి. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలైన దివ్యాంగుల పింఛనులో వీటికి అయ్యే ఖర్చు కొద్దిపాటిది. ఎన్‌ఐఈపీఐడీ రూపొందించిన బోధనా సామగ్రి కిట్లను కాన్పూర్‌లోని అలింకో ద్వారా, ఆదాయ పరిమితికి లోబడి కేంద్ర ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. వైకల్య ధ్రువపత్రం కావాలి. దానికి మన దగ్గర మొదట సదరం పత్రం ఉండేది, ఇప్పుడు దేశమంతటికీ యూడీఐడీ కార్డు వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ అనే ఆరోగ్య బీమా లక్ష రూపాయలదాకా ఉంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. తెలియక వదిలేసుకునే ఇళ్లు ఎక్కువ.

వస్తువు ఇవ్వడం కన్నా అది ఆ ఇంటికి కుదిరేలా చేయడం కష్టం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి వెలువరించిన నివేదిక ప్రపంచంలో 250 కోట్ల మందికి పైగా ఏదో ఒక సహాయక వస్తువు అవసరమని లెక్కగట్టింది. వస్తువుతో పాటు శిక్షణ పొందిన మనుషులు, అందించే వ్యవస్థ లేకపోతే ఆ అవసరం తీరదని కూడా చెప్పింది. శిబిరంలో కిట్టు అందుకున్న తల్లి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే తప్పు ఆమెది కాదు. మూడు నెలల తర్వాత ఇంటికి వచ్చి "బోర్డు ఎట్ల వాడుతున్నరు? ఏ బొమ్మ తీసేయాలె, ఏది పెట్టాలె?" అని అడిగే మనిషి ఉండాలి. ఆ పని చేయగల చోటు, మండల కేంద్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం. అక్కడి రిసోర్సు టీచర్లకు ఆ పిల్లలు పేరుపేరునా తెలుసు, బడికి రాలేని పిల్లల ఇళ్లకు వాళ్లు వెళ్తారు కూడా. అయితే భవిత బడిపిల్లలకు సంబంధించింది. పద్దెనిమిదేళ్లు దాటాక, నిజంగా వంట, పని, డబ్బు నేర్చుకోవాల్సిన వయసులో, వీళ్ల కోసం మండలంలో ఏ తలుపూ తెరిచి ఉండదు. నా ఉద్దేశంలో జగిత్యాల, సిరిసిల్ల లాంటి జిల్లాలకు తక్షణం కావలసింది ఆ వయసువాళ్ల కోసం భవిత పక్కనే ఇంకో గది. అందులో వంట బల్ల, లామినేషన్ యంత్రం, వారానికి ఒకరోజు వచ్చే సాంచెల మెకానిక్, ఇళ్లకు తిరిగే ఒక టీచర్ ఉండాలి.

తల్లిదండ్రుల తర్వాత ఎవరు అన్న ప్రశ్నకు నేషనల్ ట్రస్ట్ చట్టం కొంత జవాబిచ్చింది. కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకులను నియమిస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకేసి, నిర్ణయాలన్నీ సంరక్షకుడి చేతిలో పెట్టకుండా ఇద్దరూ కలిసి నిర్ణయించే పరిమిత సంరక్షణను తెచ్చింది. కానీ రేపు ఆ బాధ్యత తీసుకునే చిన్నమ్మకో అన్నకో ఆ మనిషి సంగతులు ఎవరు చెప్పాలి? స్కాట్లాండ్‌లో శాలీ మిల్లర్ అనే వాక్చికిత్సకురాలు 1990లలో దీనికి చిన్న పుస్తకాన్ని ఉపాయంగా చూపింది. పది పన్నెండు పేజీలు, ఆ మనిషి తానే మాట్లాడుతున్నట్టు రాసి, ఫొటోలు అంటించినది.

జగిత్యాల ఇంట్లో అట్లాంటి పుస్తకంలో ఇట్లాంటివి ఉండొచ్చు. నేను చెంప మీద వేలు పెడితే పన్ను నొస్తున్నట్టు, చెవి మీద పెడితే చప్పుడెక్కువైనట్టు. నాకు పప్పుచారు ఇష్టం, వంకాయ పెట్టకండి. గోలీ రెండు పూటలా, నీళ్లతో కాదు, పెరుగన్నంలో. స్నానం నేనే చేస్త, అట్ట గోడకు ఉన్నది, వీడియోలు ఫోన్‌లో నీలం గుర్తు కింద ఉన్నయి. కరెంటు పోతే భయపడత, టార్చిలైటు నా చేతికియ్యండి. తల్లికి ఇవి కంఠతా వచ్చినవే గనుక రాయాలన్న ఆలోచనే రాదు. భవిత టీచర్ పక్కన కూర్చుని అడుగుతూ పోతే ఒక మధ్యాహ్నంలో రాయడం అయిపోతుంది. గోలీల మోతాదు మారినప్పుడల్లా, కొత్త సైగ నేర్చినప్పుడల్లా ఒక పేజీ మార్చాలి. ఒక ప్రతి ఇంట్లో, ఒకటి భవిత కేంద్రంలో ఉంచి, పేజీలన్నీ ఫొటోలు తీసి దుబాయిలో ఉన్న తండ్రికి, పక్క ఊళ్లో ఉన్న మేనమామకు పంపించి పెట్టాలి.